కారిసోప్రొడాల్: కండరాల మాత్ర వెనుక పాత మత్తుమందు

నడుము పట్టేసినప్పుడు, మెడ కండరాలు బిగుసుకున్నప్పుడు వాడే మందుగా కారిసోప్రొడాల్ 1959లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. అర్ధశతాబ్దం వాడుకలో ఉన్న ఈ మందును ఐరోపా ఎందుకు వద్దనుకుందో తెలియాలంటే దాని పూర్వీకుల దగ్గర మొదలుపెట్టాలి.

1940వ దశకంలో బ్రిటన్‌లో పనిచేస్తున్న శాస్త్రవేత్త ఫ్రాంక్ బెర్గర్, పెన్సిలిన్‌ను పాడుచేసే బ్యాక్టీరియాను అరికట్టే రసాయనం కోసం వెతుకుతూ మెఫెనెసిన్ అనే పదార్థాన్ని ఎలుకలకు ఇచ్చి చూడగా, వాటికి స్పృహ తప్పకుండానే కండరాలు సడలిపోయాయి. ఆ ప్రభావం కొద్దిసేపే నిలవడంతో, అమెరికా వెళ్లాక ఆయన రసాయన శాస్త్రవేత్త బెర్నార్డ్ లడ్విగ్‌తో కలిసి మెప్రోబమేట్ అనే మందును రూపొందించారు. 1955లో మిల్‌టౌన్ పేరుతో వచ్చిన ఆ మాత్ర ఆందోళనకు మందుగా విపరీతంగా అమ్ముడుపోయింది. అది వ్యసనంగా మారుతుందని క్రమంగా తేలడంతో 1970 నాటి అమెరికా చట్టం దాన్ని నియంత్రిత మందుల జాబితాలో చేర్చింది.

కారిసోప్రొడాల్ ఈ మెప్రోబమేట్‌కు అతి దగ్గరి రూపం. అంతకన్నా ముఖ్యం, కాలేయంలోని సివైపి2సి19 అనే ఎంజైమ్ దాన్ని మెప్రోబమేట్‌గానే మారుస్తుంది. రక్తంలో కారిసోప్రొడాల్ సగానికి తగ్గడానికి సుమారు 2 గంటలు పడితే, మెప్రోబమేట్‌కు దాదాపు 10 గంటలు పడుతుంది. అంటే మాత్ర పని అయిపోయిందనుకున్నాక కూడా మత్తు మిగిలే ఉంటుంది. వింత ఏమిటంటే, శరీరంలో తయారయ్యే పదార్థానికి 1970లోనే కాపలా పెట్టిన అమెరికా, దానికి మూలమైన మాత్రను దేశవ్యాప్త నియంత్రణ కిందికి తెచ్చింది 2012 జనవరిలో. ఇది తెలియక జరిగిన ఆలస్యమని నమ్మడం కష్టం.

ఈ మందు కండరం మీద నేరుగా పనిచేయదు, నాడీవ్యవస్థను మందగింపజేస్తుంది. కాబట్టి మగత, తలతిరుగుడు, తలనొప్పి తరచుగా కనిపిస్తాయి. పరీక్షల్లో 350 మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్నవారిలో 17 శాతం మందికి మగత కలగగా, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో అది 6 శాతమే. వాడకం రెండు మూడు వారాలు దాటకూడదన్నది నియమం. చాలాకాలం వాడి ఒక్కసారిగా మానేస్తే నిద్రలేమి, వాంతులు, వణుకు, భ్రమలు, ఒక్కోసారి మూర్ఛ కూడా రావచ్చు.

దుర్వినియోగం, వాహనం నడిపే సామర్థ్యం తగ్గడం వంటి అంశాలపై నార్వే నుంచి వచ్చిన సమాచారాన్ని పరిశీలించిన ఐరోపా ఔషధ సంస్థ, ప్రయోజనం కన్నా ముప్పే ఎక్కువని తేల్చి, 2007 నవంబరులో అమ్మకాల నిలిపివేతకు సిఫారసు చేసింది. ఓపియాయిడ్లతో, అంటే నల్లమందు తరహా నొప్పి మందులతో, కారిసోప్రొడాల్ కలిసినప్పుడు ఊపిరి మందగించి ప్రాణం మీదికి వస్తుంది. పశ్చిమాఫ్రికాలో ఇలాంటి మిశ్రమాల దుర్వినియోగం వెలుగులోకి వచ్చాక, టాపెంటడాల్ అనే ఓపియాయిడ్‌తో కారిసోప్రొడాల్‌ను కలిపిన మాత్రల తయారీ, ఎగుమతి అనుమతులను ఉపసంహరించాలని 2025 ఫిబ్రవరిలో భారత ఔషధ నియంత్రణ అధికారులు ఆదేశించారు.