స్టెంటుకు సర్కారు సొమ్ము, బీపీ బిళ్లకు మన జేబు

ప్రభుత్వాలు ఆరోగ్యం మీద జీడీపీలో 2.5 శాతమైనా ఖర్చు పెట్టాలన్న మాట ప్రతి బడ్జెట్ రోజునా వినిపిస్తుంది. ఆ అంకె ఊరికే పుట్టలేదు. దానికి బలం చేకూర్చినవాళ్లలో ఉస్మానియా మెడికల్ కాలేజీలో చదివిన గుండె డాక్టరు ఒకరున్నారు. పేరు కె. శ్రీనాథ్ రెడ్డి.

హైదరాబాద్‌లో ఎంబీబీఎస్, ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎండీ, డీఎం చేసి, అక్కడే కార్డియాలజీ విభాగానికి అధిపతి అయ్యారు. అక్కడితో ఆగినా గొప్ప వృత్తి జీవితమే. ఆయన మాత్రం కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో ఎపిడమియాలజీ కూడా చదివారు. మంచం మీదున్న రోగికి ఏం చేయాలో కార్డియాలజీ చెబుతుంది. ఆ వార్డులోకి ఇంతమంది ఎందుకొస్తున్నారో ఎపిడమియాలజీ చెబుతుంది. ఈ రెండో ప్రశ్నే ఆయన్ను పొగాకు మీద పోరాటంలోకి దింపింది. 2003లో కేంద్రం సిగరెట్లు, పొగాకు ఉత్పత్తుల చట్టం తెచ్చింది. అదే ఏడాది పొగాకు నియంత్రణ కృషికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆయన్ను గౌరవించింది. పొగాకు బోర్డు గుంటూరులో, బీడీలు చుట్టే ఇళ్లు నిజామాబాద్, కరీంనగర్ ఊళ్లలో ఉన్న మనకు ఆ పోరాటం ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు.

2006 మార్చిలో ప్రధాని మన్మోహన్ సింగ్ పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియాను ప్రారంభించారు. లాభాపేక్ష లేని ఆ సంస్థకు శ్రీనాథ్ రెడ్డి తొలి అధ్యక్షుడు. ఇలాంటి సంస్థ అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే మరో డెబ్బై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో 1932లో కలకత్తాలో ప్రజారోగ్య విద్యాసంస్థ వెలిసింది. 1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చింది. కోస్తా, రాయలసీమ అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనివే కాబట్టి ఆ చట్టం మనకూ సంక్రమించింది. 1946లో, దేశ ఆరోగ్య వ్యవస్థపై ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ, డబ్బు కట్టలేడన్న కారణంతో ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని రాసింది. చికిత్స, నివారణ ఒకే గొడుగు కింద ఉండాలనీ చెప్పింది. ఉద్దేశం మంచిదే. ఆచరణలో చాలా రాష్ట్రాలు రెండు శాఖలనూ కలిపేసరికి, ఆసుపత్రి పనే పైచేయి అయింది. తమిళనాడు మాత్రం ప్రజారోగ్యానికి ప్రత్యేక కేడర్‌ను నిలబెట్టుకుంది. మిగతాచోట్ల ఎంబీబీఎస్‌లో పీఎస్ఎం (నివారణ, సామాజిక వైద్యం) అంటే పాసైతే చాలనుకునే సబ్జెక్టు అయిపోయింది. సర్జన్‌గా పేరున్న డాక్టరుకు ఒక్కసారిగా జిల్లా మొత్తం ఆరోగ్య బాధ్యత అప్పగించడం మామూలైంది.

ఈ లోటు పూడ్చడానికే ఫౌండేషన్ వివిధ రాష్ట్రాల్లో ప్రజారోగ్య సంస్థలు పెట్టింది. గాంధీనగర్, హైదరాబాద్ సంస్థలు 2008లో మొదలయ్యాయి. ప్రభుత్వ డాక్టర్లతో పాటు, డాక్టర్లు కానివాళ్లకూ అక్కడ చోటు దొరికింది. అది నాకు పెద్ద మార్పుగా కనిపిస్తుంది. నీటి సరఫరా, గణాంకాలు, ఆర్థికశాస్త్రం తెలిసినవాళ్లు లేకుండా డెంగీని అదుపు చేయలేం. ప్రభుత్వ నిధులతో పాటు గేట్స్ ఫౌండేషన్ డబ్బు, కార్పొరేట్ ప్రముఖుల పాత్ర ఉండటం మీద ప్రజారోగ్య ఉద్యమకారులు అనుమానాలు వ్యక్తం చేశారు. ఎవరి డబ్బుతో విధానం తయారవుతోందని అడగడం న్యాయమే.

అసలు పరీక్ష 2010లో ఎదురైంది. సార్వత్రిక ఆరోగ్య సేవల మీద ప్రణాళికా సంఘం నిపుణుల బృందం వేసి, శ్రీనాథ్ రెడ్డిని సారథిని చేసింది. అప్పటికే 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది, 2008లో కేంద్రం బీమా పథకం తెచ్చింది. ఆరోగ్యశ్రీ ఎన్నో పేద కుటుంబాలను అప్పుల్లో పడకుండా కాపాడింది. కాదనేవాళ్లు లేరు. కానీ దాని నిర్మాణం చూడండి. గుండెపోటు వచ్చి కార్పొరేట్ ఆసుపత్రికి వెళ్తే స్టెంటుకు ప్రభుత్వం కడుతుంది. ఆ గుండెపోటు రాకుండా పదేళ్లపాటు రోజూ వేసుకోవాల్సిన బీపీ బిళ్లను మాత్రం రోగి మెడికల్ షాపులో కొనుక్కోవాలి. కూలి దొరకని నెలలో ఆపేసేది ఆ బిళ్లనే.

2011లో ఇచ్చిన నివేదిక సరిగ్గా ఈ చోటే చెయ్యి పెట్టింది. ఆరోగ్యం మీద ప్రభుత్వ ఖర్చు 2017 నాటికి 2.5 శాతానికి, 2022 నాటికి 3 శాతానికి చేరాలంది. మొత్తం ఆరోగ్య వ్యయంలో కనీసం 70 శాతం ప్రాథమిక వైద్యానికి వెళ్లాలంది. మందుల కొనుగోలుకు ప్రభుత్వాలు పెట్టే సొమ్ము జీడీపీలో 0.1 నుంచి 0.5 శాతానికి పెరగాలంది. ప్రభుత్వం తరఫున వైద్యసేవలు కొనే పని బీమా కంపెనీలకు అప్పగించొద్దని సూటిగా చెప్పింది. గ్రామాల కోసం మూడేళ్ల వైద్య డిగ్రీని కూడా సూచించింది.

అలా జరగలేదు. 2.5 శాతం గడువును 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025కి జరిపింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఫౌండేషన్ విదేశీ నిధుల లైసెన్సును కేంద్ర హోం శాఖ రద్దు చేసింది. ఆ డబ్బును పొగాకు నియంత్రణపై లాబీయింగ్‌కు వాడారన్నది ఆరోపణల్లో ఒకటి. పొగాకు వల్ల జనం చస్తున్నారని ప్రభుత్వాలకు చెప్పడం ప్రజారోగ్య సంస్థ చేయాల్సిన పనే కదా! విదేశీ దాతల మీద అంతగా ఆధారపడిన సంస్థకు ఆ దెబ్బ గట్టిగానే తగిలింది.

2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్‌లో రెండు భాగాలున్నాయి. 5 లక్షల బీమా గురించి అందరికీ తెలుసు. ఉపకేంద్రాలను వెల్‌నెస్ సెంటర్లుగా మార్చడం రెండోది, దాని ఊసు తక్కువ. మన పల్లె దవాఖానాలు, విలేజ్ క్లినిక్‌లు ఆ దారిలోవే. అక్కడ బీపీ, షుగర్ చూసి బిళ్లలు ఉచితంగా ఇవ్వాలి. మూడేళ్ల డిగ్రీ డాక్టర్లు రాకపోయినా, శిక్షణ పొందిన నర్సులు ఎంఎల్‌హెచ్‌పీలుగా, అంటే మధ్యస్థాయి ఆరోగ్య సేవకులుగా, ఆ పని చేస్తున్నారు.

జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం, మొత్తం ఆరోగ్య ఖర్చులో జనం జేబు వాటా 2013-14లో 64.2 శాతం. 2021-22కి అది 39.4కి తగ్గింది. ప్రభుత్వ ఖర్చు జీడీపీలో 1.84 శాతానికి చేరింది, అదీ కోవిడ్ కాలంలో. పల్లె దవాఖానాలో బిళ్లల స్టాకు నెలాఖరు దాకా ఉండటానికి, ఎంఎల్‌హెచ్‌పీ పోస్టు ఖాళీ లేకుండా చూడటానికి కావలసిన సొమ్ము ఆ 1.84కీ 2.5కీ మధ్య ఉన్న తేడాలోనే ఉంది.