డయల్ ఒక్క మెట్టు తిరిగితే

డిజిటల్ కెమెరా కొత్తగా చేతికి వచ్చినవారిలో లెక్కల మీద కాస్త ఇష్టం ఉన్నవారు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. ఐఎస్‌ఓ విలువను, అంటే వెలుగుకు కెమెరా ఎంత సున్నితంగా స్పందించాలో తెలిపే సంఖ్యను, మార్చడానికి డయల్ తిప్పుతుంటే తెర మీద 100, 125, 160, 200, 250, 320, 400 అనే సంఖ్యలు వరుసగా కనిపిస్తాయి. మొదటి మెట్టులో 25 పెరిగింది, రెండవదానిలో 35, మూడవదానిలో 40, ఆ తరువాత 50, 70, 80. డయల్ మాత్రం ప్రతిసారీ ఒకే కోణం తిరుగుతుంది, వేలికి ఒకే తీరున ‘టక్’ మని తగులుతుంది. చేతికి సమానంగా తోచిన మెట్లు తెర మీద ఇంత అసమానంగా ఎందుకున్నాయి?

సెన్సర్ ఎలా పనిచేస్తుందో, పిక్సెల్ అంటే ఏమిటో వివరించే వ్యాసాలకు కొదవ లేదు కనుక వాటి జోలికి పోను. ఈ డయల్ ఒక్కటి చాలు.

డయల్ మీది ప్రతి మెట్టూ సంఖ్యకు ఏదీ కలపదు, సంఖ్యను గుణిస్తుంది. గుణించేది 2 యొక్క ఘనమూలంతో, అంటే సుమారు 1.26తో. మూడు మెట్లు తిరిగేసరికి విలువ సరిగ్గా రెట్టింపవుతుంది. ఆ రెట్టింపును ఫోటోగ్రాఫర్లు ‘స్టాప్’ అంటారు. షట్టర్ స్పీడ్ (వెలుగును లోపలికి వదిలే సమయం), అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం), ఐఎస్‌ఓ అనే మూడూ వేర్వేరు భౌతిక రాశులే అయినా, డయల్ దగ్గరకు వచ్చేసరికి మూడింటికీ స్టాపే కొలమానం. మన కంటికి వెలుగులోని తేడా అంతరంగా కంటే నిష్పత్తిగానే ఎక్కువ తెలుస్తుంది కాబట్టి, సమాన నిష్పత్తులను సమాన మెట్లుగా అమర్చడం సహజమైన ఏర్పాటే.

ఇంతవరకు చాలామంది చెబుతారు. నాకు ముచ్చట గొలిపేది ఆ తరువాతి సంగతి, దానికి హార్మోనియం సాయం కావాలి. హార్మోనియంలో షడ్జం నుంచి తారస్థాయి షడ్జానికి వెళితే కంపనాల సంఖ్య రెట్టింపవుతుంది. ఆ రెట్టింపును పన్నెండు మెట్లు సమాన నిష్పత్తిలో పంచుకుంటాయి. కెమెరా అదే రెట్టింపును మూడు మెట్లుగా పంచుకుంటుంది. అంటే కెమెరాలోని ఒక మెట్టు హార్మోనియంలోని నాలుగు మెట్లకు సమానం. షడ్జం నుంచి నాలుగు మెట్లు ఎక్కితే అంతర గాంధారం, మరో నాలుగు ఎక్కితే శుద్ధ ధైవతం, ఇంకో నాలుగు ఎక్కితే తారషడ్జం. సహజ నిష్పత్తులలో ఆ గాంధారం షడ్జానికి 5/4 వంతు, ఆ ధైవతం 8/5 వంతు. ఇప్పుడు 100ను షడ్జంగా పెట్టుకుని గుణించి చూడండి: 125, 160, 200. డయల్ మీద రాసి ఉన్నవి సరిగ్గా ఇవే.

పోలిక ఇంకా లోతుకు పోతుంది. 5/4ను మూడుసార్లు గుణిస్తే 125/64 వస్తుంది. రెట్టింపు కావాలంటే 128/64 రావాలి. ఈ సహజ నిష్పత్తి గల అంతర గాంధారాలు మూడు పేర్చినా తారషడ్జానికి కొంచెం తక్కువే పడతాయని శ్రుతి లెక్కలు తెలిసినవారు ఎరుగుదురు. ఆ లోటు 128/125, అంటే 2.4 శాతం. ఇదే లోటు షట్టర్ స్పీడ్ వరుసలో అందరి కళ్ల ముందూ ఉంది. ఒక సెకను నుంచి మొదలుపెట్టి ఏడుసార్లు సగం చేస్తే 1/128 రావాలి, కెమెరా చూపించేది మాత్రం 1/125. పదిసార్లు సగం చేస్తే 1/1024 రావాలి, చూపించేది 1/1000. రెండు చోట్లా తేడా అదే 2.4 శాతం, ఎందుకంటే 1024/1000ను సూక్ష్మీకరిస్తే 128/125 అవుతుంది.

ఈ మొత్తం ఏర్పాటుకు ఆధారం అంకగణితంలోని ఒక చిన్న అదృష్టం: రెండును పదిసార్లు గుణిస్తే వచ్చే 1024, పదిని మూడుసార్లు గుణిస్తే వచ్చే 1000కి అతి దగ్గరగా ఉంటుంది. దాని ఫలితంగా 2 యొక్క ఘనమూలం 1.2599 కాగా, 10 యొక్క పదవ మూలం 1.2589. కనుక మూడు మెట్లకు రెట్టింపయ్యే డయల్ పది మెట్లకు పదింతలవుతుంది. 100 దగ్గర మొదలుపెట్టి పది మెట్లు లెక్కించండి. సరిగ్గా 1000 దగ్గర ఆగుతారు. 1/100 నుంచి పది మెట్లు తిప్పితే 1/1000. పదింతలను సమాన నిష్పత్తులుగా విభజించే పద్ధతిని 1870లలో ఫ్రెంచి సైనిక ఇంజనీరు చార్లెస్ రెనార్డ్ బెలూన్లకు వాడే తాళ్ల పరిమాణాలను క్రమబద్ధం చేయడానికి ఉపయోగించాడు. పది మెట్ల రెనార్డ్ వరుసలో 1, 1.25, 1.6, 2, 2.5, 3.15, 4, 5, 6.3, 8, 10 ఉంటాయి. కెమెరావారు 315ను 320గా, 630ని 640గా సవరించుకున్నారు, అంతే. 1934లో జర్మనీలో వెలువడిన డీఐఎన్ ప్రమాణం ఫిల్మ్ వేగాన్ని ఇదే మెట్టుతో, డిగ్రీలలో కొలిచింది. ఫిల్మ్ పెట్టెల మీద 100/21° అని ఉండేది; 200కు 24°, 400కు 27°. ఈనాటి డిజిటల్ కెమెరా డయల్ మీది ఒక ‘టక్’ ఆనాటి ఒక డిగ్రీ.

అపర్చర్ సంఖ్యలు ఇంకా వింతగా కనిపిస్తాయి, కానీ సూత్రం అదే. ఎఫ్ సంఖ్య అంటే లెన్స్ నాభ్యంతరాన్ని అపర్చర్ వ్యాసంతో భాగించగా వచ్చినది. వెలుగు వ్యాసం మీద కాక వైశాల్యం మీద ఆధారపడుతుంది కనుక, వెలుగు సగం కావాలంటే ఎఫ్ సంఖ్య 2 యొక్క వర్గమూలంతో, అంటే 1.414తో పెరగాలి. ఫోటోగ్రఫీ నేర్పేవారు 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అనే వరుసను ఎక్కాల వలె వల్లె వేయించడం నాకు ఎప్పుడూ నచ్చదు. 1, 1.4 అనే రెండింటినీ గుర్తుంచుకుని ఒకటి విడిచి ఒకటి రెట్టింపు చేసుకుంటూ పోతే మొత్తం వరుస దానంతటదే వస్తుంది. ఇక్కడ పదింతలకు పట్టేవి ఇరవై మెట్లు: ఎఫ్/1 నుంచి ఎఫ్/10 వరకు లెక్కించి చూసుకోవచ్చు.

ఇంత గణితం మోసే డయల్‌కు మాత్రం ఈ సంఖ్యలేవీ తెలియవు. పాత యాంత్రిక కెమెరాలలో షట్టర్ డయల్ తిప్పితే లోపలి పళ్లచక్రాలు, స్ప్రింగులు నిజంగానే కదిలేవి. ఇప్పటి డయల్ కింద సాధారణంగా ఉండేవి రెండు కాంటాక్టులు. అవి పావు ఆవర్తనం ఎడంగా తెరుచుకుని మూసుకుంటాయి కనుక వాటి స్థితి 00, 01, 11, 10, మళ్లీ 00 అని మారుతుంది. ఒక్కో మార్పులో ఒక్క అంకె మాత్రమే మారుతుంది. 00 తరువాత 01 వస్తే ఒక దిశ, 10 వస్తే ఎదురు దిశ. డయల్ చెప్పగలిగినది ‘ఇటువైపు ఒకటి’ లేదా ‘అటువైపు ఒకటి’ అన్నంతవరకే. చూపుడువేలి కింద ఇలాంటి ఎలక్ట్రానిక్ డయల్ 1986 నాటి కెనాన్ టీ90 ఫిల్మ్ కెమెరాలోనే ఉంది. ఏ విలువ మారుతోందో తనకే తెలియదు కాబట్టి అదే డయల్ ఒకసారి షట్టర్‌ను, మరోసారి అపర్చర్‌ను, ఇంకోసారి మెనూను నడపగలదు. విలువలను డయల్ మీదే చెక్కిన ఫుజిఫిల్మ్ ఎక్స్100 వంటి కెమెరాలను ఆఫ్ చేసి ఉన్నప్పుడు కూడా చదువుకోవచ్చు. ఆ సౌకర్యం నాకు ఇష్టమే, కానీ షట్టర్ డయల్ చుట్టుకొలతలో పూర్తి స్టాపులకే చోటు సరిపోతుంది; మూడో వంతు మెట్లను వేరే మీట చేతిలో పెట్టవలసి వస్తుంది.

డయల్ ఒక్కొక్కటిగా లెక్కపెడుతుంటే విలువ గుణింపవుతుంది. ఇలా గుణకారం కూడికగా మారిందంటే అది లాగరిథమ్ అన్నమాట. ఈ సంగతిని 1960లో అమెరికన్ ప్రమాణంలో చేరిన ఏపెక్స్ పద్ధతి బాహాటంగా ఒప్పుకుంది: ఏవీ + టీవీ = బీవీ + ఎస్‌వీ. ఎడమవైపు అపర్చర్, సమయం. కుడివైపు దృశ్యపు వెలుగు, ఐఎస్‌ఓ. ఎఫ్/16కు ఏవీ 8, 1/125కు టీవీ 7, ఐఎస్‌ఓ 100కు ఎస్‌వీ 5; 8 + 7 = 15 కనుక వెలుగు 10, అంటే నిండు ఎండ. కెనాన్ మోడ్ డయల్ మీది టీవీ, ఏవీ అనే అక్షరాలు ఈ సమీకరణంలోవే. ఫోటో ఫైలు వెంట ఉండే ఎగ్జిఫ్ సమాచారంలో కూడా ఈ విలువలకు గడులున్నాయి.

‘పీ’ మోడ్‌లో, అంటే అపర్చర్‌ను, షట్టర్ స్పీడ్‌ను కెమెరాయే ఎంచుకునే పద్ధతిలో, డయల్ తిప్పినప్పుడు కెమెరా ఒకదానికి కలిపినంతా ఇంకొకదాని నుంచి తీసేస్తుంది, మొత్తం చెక్కుచెదరదు. విలువలన్నీ తానే పెట్టుకునే మాన్యువల్ మోడ్‌లో తీసినవాడే అసలు ఫోటోగ్రాఫర్ అనే మూఢనమ్మకం ఒకటి బలంగా ప్రచారంలో ఉంది. వెలుగును కొలిచే మీటర్ గుర్తును సున్నా దగ్గరకు తెచ్చి నొక్కేవారు చేసేది కెమెరా చేసే ఆ కూడికనే, కొంచెం నెమ్మదిగా. మాన్యువల్ వల్ల నిజమైన లాభం కూడిక ఫలితం ఎంత ఉండాలో మీటర్‌తో విభేదించదలచినప్పుడే; ఆ పని కెమెరా లెక్కకు కొంత కలిపే లేదా తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ డయల్‌తో కూడా జరుగుతుంది.

జలపాతాలను పాలనురుగులా తీసేవారు లెన్స్ ముందు బిగించే నల్లటి ఫిల్టర్ మీద ‘ఎన్‌డీ1000’ అని, అంటే వెలుగును వెయ్యో వంతుకు తగ్గిస్తుందని, ఉంటుంది; దాన్నే పది స్టాపుల ఫిల్టర్ అని కూడా అంటారు. పైన చెప్పిన 1024, 1000ల స్నేహమే ఇది. ఫిల్టర్ లేకుండా 1/60 సరిపోయినచోట దానిని బిగించాక పది స్టాపులు, అంటే ముప్పై మెట్లు వెనక్కి తిప్పాలి. డయల్ వరుసలో 1/60 అసలు విలువ 1/64. దానిని 1024తో గుణిస్తే 16 సెకన్లు, కెమెరా తెర మీద మాత్రం 15 అని కనిపిస్తుంది. అనేక కెమెరాలలో 15 అని ఉన్నచోట షట్టర్ 16 సెకన్లు, 30 అని ఉన్నచోట 32 సెకన్లు తెరుచుకుని ఉంటుంది. అనుమానం ఉన్నవారు గడియారం పెట్టి చూసుకోవచ్చు.