పేగుబంధం తెగేది కలెక్టరేట్‌లో కాదు

తిరుపతిలో పాత వాదన మళ్లీ లేచింది. శిశుగృహలో ఉన్న బిడ్డ కోసం కన్నతల్లి తిరిగొస్తే ఎవరి మాట చెల్లాలి? కోర్టుదా, కలెక్టర్‌దా?

అందరూ వేలెత్తి చూపేది 2022నే. బాల న్యాయ చట్టానికి 2021లో చేసిన సవరణ ఆ ఏడాది సెప్టెంబర్ 1న అమల్లోకి వచ్చాక, దత్తత ఉత్తర్వులు కోర్టు నుంచి జిల్లా మెజిస్ట్రేట్, అంటే కలెక్టర్, చేతికి వెళ్లాయి. కోర్టుల్లో ఆలస్యం అవుతోందన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. దత్తత కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే దంపతులకు అది ఊరటే.

నా లెక్కలో మాత్రం అసలు ముడి 2016 జనవరి నుంచి అమల్లో ఉన్న 2015 నాటి బాల న్యాయ చట్టంలోనే ఉంది. బిడ్డను పెంచలేనన్న తల్లి బాలల సంక్షేమ కమిటీ ముందుకొచ్చి, కౌన్సెలింగ్ అయ్యాక, సరెండర్ డీడ్ (బిడ్డను అప్పగిస్తున్నానన్న పత్రం) మీద సంతకం పెడుతుంది. మనసు మార్చుకోవడానికి ఆమెకు రెండు నెలలు. ఆ తర్వాత కమిటీలో కనీసం ముగ్గురు సభ్యులు ఒప్పుకుంటే బిడ్డ దత్తతకు 'ఫ్రీ', అంటే దత్తత ఇవ్వడానికి చట్టప్రకారం అడ్డు లేనట్టే. ఫైలు కోర్టుకు వెళ్లిన రోజుల్లోనూ జడ్జి చూసింది దత్తత బిడ్డకు మంచిదా, డబ్బు చేతులు మారిందా అన్నవే. అప్పటికి తల్లి ఆ కేసులో ఎవరూ కాదు. ఉత్తర్వు వెలువడిన రోజుతో కన్నవాళ్లతో బంధమంతా చట్టప్రకారం తెగిపోతుంది.

రెండు నెలలంటే బాలింతకు ఏపాటి? ఒళ్లు కుదుటపడాలి, పుట్టింట్లో నోరు విప్పి చెప్పాలి, ఎవరో ఒకరు 'బిడ్డను తెచ్చుకో, మేం చూసుకుంటాం' అనాలి. కుప్పం వైపు పల్లె నుంచి చిత్తూరు వచ్చి పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది. వచ్చిన రోజున కమిటీ కూర్చోకపోతే రెండో రోజు కూలి కూడా. బిడ్డ పుట్టిన మూడు నెలల్లోపు వదులుకునేలా తల్లిని ప్రోత్సహించవద్దని సుప్రీంకోర్టు 1984లోనే, విదేశీ దత్తతల కేసులో చెప్పింది.

ఇక దిక్కులేకుండా దొరికిన పిల్లల సంగతి. కన్నవాళ్ల ఆచూకీ దొరక్కపోతే రెండేళ్లలోపు బిడ్డను రెండు నెలల్లో, పైబడినవాళ్లను నాలుగు నెలల్లో దత్తతకు 'ఫ్రీ' అని తేల్చేయాలి. కొండకొచ్చే జనంలో తప్పిపోయిన బిడ్డెవరో, వదిలేసిన బిడ్డెవరో బస్టాండులో చూసి చెప్పడం అంత తేలికా? ఫోటోతో పేపర్లో ప్రకటన వేస్తారు. బెంగళూరులో కట్టడం పనిలో ఉన్న అమ్మ ఆ పేపర్ చూస్తుందా?

గడువులు వద్దని నేననను. శిశుగృహలో పెరిగే ప్రతి నెలా బిడ్డకు నష్టమే. అసలు బిడ్డను వదులుకోవడమే కుదరదనే కొసకూ మన ఉమ్మడి రాష్ట్రం ఒకసారి వెళ్లింది. లంబాడా తండాల ఆడపిల్లలను కొని దత్తతకు పంపుతున్నారన్న ఆరోపణలు గుప్పుమన్నాక, 2001లో బిడ్డల అప్పగింతనే నిషేధించింది. పేద తల్లి సంతకం ఎంత సులువుగా దొరుకుతుందో అప్పుడే తెలిసింది.

కమిటీ ఉత్తర్వు మీద 30 రోజుల్లో బాలల కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. ఏ స్త్రీకైనా ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ను ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. కానీ డీడ్ మీద వేలిముద్ర వేసే రోజున ఆ లాయర్ ఆమె పక్కన ఉండి తీరాలని బాల న్యాయ చట్టంలో ఎక్కడా లేదు.