లాగిన్ లేనివారికి ఉత్తరం

ఒకే లినక్స్ సర్వర్ మీద రెండు దుకాణాల డొమైన్లు ఉన్నాయనుకుందాం. ఒకటి పచ్చళ్ల దుకాణానిది, రెండోది చీరల దుకాణానిది. ఇద్దరికీ 'ఇన్ఫో' అనే చిరునామాయే కావాలి. మెయిల్ పంపి, అందుకునే సాఫ్ట్‌వేర్ అయిన పోస్ట్‌ఫిక్స్‌లో, తన డొమైన్లు ఏవో చెప్పే 'మైడెస్టినేషన్' అన్న చోట రెండు డొమైన్లూ రాసి, ఇన్ఫో పేరుతో ఒక యూజర్‌ను సృష్టిస్తే మెయిల్ రావడం మొదలవుతుంది. మొదటి రోజు అంతా సవ్యంగానే కనిపిస్తుంది. రెండో రోజు ఆవకాయ కోసం వచ్చిన ఆర్డరు, గద్వాల చీర ధర అడుగుతూ వచ్చిన ఉత్తరం ఒకే పెట్టెలో పక్కపక్కన పడి ఉంటాయి.

ఇందులో సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు. మైడెస్టినేషన్‌లో ఉన్న డొమైన్లన్నీ ఈ యంత్రానికే మారుపేర్లని పోస్ట్‌ఫిక్స్ లెక్క. @ గుర్తుకు కుడివైపున ఉన్నది తనదేనని తేల్చుకున్నాక, దాన్ని పక్కన పెట్టేసి ఎడమవైపు పేరును మాత్రమే చూస్తుంది. ఈ అలవాటు ఈనాటిది కాదు.

1971లో బీబీఎన్ సంస్థలో రే టామ్లిన్సన్ ఆ గుర్తును వాడినప్పుడు దాని అర్థం సూటిగా ఉండేది: ఎడమవైపు మనిషి, కుడివైపు ఆ మనిషి పనిచేసే యంత్రం. పెద్ద యంత్రం ఒకటే ఉండేది, దాన్ని పదిమంది పంచుకునేవారు, ప్రతి ఒక్కరికీ ఒక లాగిన్ ఉండేది. యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం ఇదే పద్ధతిని కొనసాగించింది. లాగిన్ పేరుతో ఒక ఫైలు, దాని చివర కొత్త ఉత్తరాన్ని అతికించడం, అంతే. ఎవరికి మెయిల్ వస్తుందో చెప్పే జాబితా వేరుగా అవసరం రాలేదు. యూజర్ల పేర్లన్నీ ఉండే, 'ఈటీసీ' ఫోల్డర్‌లోని పాస్‌వర్డ్ ఫైలే ఆ జాబితా.

బర్కిలీలో ఎరిక్ ఆల్‌మన్ రాసిన మెయిల్ సాఫ్ట్‌వేర్ సెండ్‌మెయిల్ 1983 నాటికి అక్కడి యునిక్స్ రూపమైన బీఎస్‌డీ యునిక్స్‌తో కలిసి వచ్చింది. అప్పటి నెట్‌వర్కులు ఒక్కొక్కటీ ఒక్కో తీరులో చిరునామా రాసేవి. వాటిని ఒకదాని నుంచి మరొకదానికి మార్చడమే దాని అసలు పని. అందుకే దాని కాన్ఫిగరేషన్ ఫైలును చూస్తే బీజాక్షరాలు చెక్కిన రాగిరేకు గుర్తొస్తుంది. అర్థం తెలిసినవారు తక్కువ, భయపడి దండం పెట్టినవారు ఎక్కువ.

1986 జనవరిలో ఎంఎక్స్ రికార్డులతో మెయిల్‌ను దారి పట్టించే పద్ధతిని ఆర్‌ఎఫ్‌సీ 974 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం నిర్దేశించింది. అప్పటి నుంచి కుడివైపున ఉన్న పేరు నిజమైన యంత్రానిది కానక్కరలేదు. ఫలానా డొమైన్ మెయిల్‌ను ఫలానా యంత్రం తీసుకుంటుందని, డొమైన్ పేర్ల చిట్టా అయిన డీఎన్‌ఎస్‌లోని ఈ ఎంఎక్స్ రికార్డు చెబుతుంది. అలా కుడివైపు భాగానికి విడుదల దొరికింది. ఎడమవైపు మాత్రం లాగిన్‌కే కట్టుబడి ఉండిపోయింది. ఈ సగం విడుదలే తర్వాతి చిక్కులకు మూలమని నా అభిప్రాయం.

తొంభైలలో వెబ్ హోస్టింగ్ వ్యాపారం వచ్చి ఒక్కో యంత్రం మీద వందల డొమైన్లు చేరాక ఆ చిక్కు బయటపడింది. వెబ్‌కు 1997లో, పేజీలు అడిగే పద్ధతికి కొత్త రూపమైన హెచ్‌టీటీపీ 1.1 వచ్చి, ఏ సైటు కావాలో ప్రతి అభ్యర్థనలోనూ చెప్పాలన్న నియమం పెట్టింది. మెయిల్‌కు అలాంటి నియమం కొత్తగా అవసరం లేదు. సర్వర్ల మధ్య మెయిల్ పంపే పద్ధతి అయిన ఎస్‌ఎంటీపీ 1982 నుంచే గ్రహీత పూర్తి చిరునామాను మోసుకొస్తోంది. లోటు ఉన్నది దారిలో కాదు, గుమ్మం లోపల. పోస్ట్‌మన్ పూర్తి చిరునామాతోనే తెచ్చిస్తాడు. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ ఫ్లాట్ నంబరు చూడకుండా 'లక్ష్మి' అని ఉంది కదా అని మొదట కనిపించిన లక్ష్మికి ఇచ్చేస్తాడు.

దీనికి సెండ్‌మెయిల్ చేసిన ఉపాయం వర్చువల్ యూజర్ పట్టిక. పచ్చళ్ల ఇన్ఫోను ఒక లాగిన్‌కు, చీరల ఇన్ఫోను ఇంకో లాగిన్‌కు మళ్లించవచ్చు. కానీ ప్రతి పెట్టె వెనుకా ఒక అసలైన యునిక్స్ ఖాతా ఉండాల్సిందే. డేనియల్ బెర్న్‌స్టీన్ రాసిన మరో మెయిల్ సాఫ్ట్‌వేర్ క్యూమెయిల్‌తో రెండు మంచి మార్పులు వచ్చాయి. ప్రతి ఉత్తరాన్నీ వేరే ఫైలుగా దాచే మెయిల్‌డిర్ ఒకటి, డొమైన్‌ను మొత్తంగా ఒకే యూజర్‌కు అప్పగించగల వీలు మరొకటి. దాని మీద కట్టిన వీపాప్‌మెయిల్ అన్ని పెట్టెలకూ ఒక్క యునిక్స్ యూజర్‌నే యజమానిని చేసింది.

ఐబీఎం పరిశోధనశాలలో విట్సే వెనెమా రాసిన పోస్ట్‌ఫిక్స్ 1998 డిసెంబరులో విడుదలైంది. మొదట్లో ఇందులోనూ వర్చువల్ డొమైన్ అంటే కొంత గందరగోళమే. పట్టికలో డొమైన్ పేరు రాసి, దాని ఎదురుగా ఏదో ఒక మాట ఊరికే రాయాల్సి వచ్చేది. 2.0 నుంచి డొమైన్లకు తరగతులు ఏర్పడ్డాయి. లోకల్ అయితే లాగిన్ ఉన్నవారికి. వర్చువల్ ఏలియాస్ అయితే వేరే చిరునామాకు మళ్లింపు. వర్చువల్ మెయిల్‌బాక్స్ అయితే లాగిన్ లేనివారికి పెట్టె. ఒక డొమైన్ ఒకే తరగతిలో ఉండాలి. రెండింటిలోనూ రాస్తే లాగ్‌లో హెచ్చరిక పడుతుంది, లోకల్‌దే పైచేయి అవుతుంది, ఉత్తరం 550 అనే తిరస్కరణ కోడ్‌తో తిరిగిపోతుంది: లోకల్ పట్టికలో అలాంటి యూజర్ లేడని. వర్చువల్ పట్టికలో పేరు కళ్లముందే కనిపిస్తుంటే లేడంటుందేమిటని తల పట్టుకునేవారికి జవాబు సాధారణంగా మైడెస్టినేషన్ వరుసలో దొరుకుతుంది.

ఇంకో చిన్న సంగతి. వర్చువల్ మెయిల్‌బాక్స్ పట్టికలో దారి చివర ఏటవాలు గీత ఉంటే పోస్ట్‌ఫిక్స్ మెయిల్‌డిర్‌గా రాస్తుంది, లేకపోతే అన్నిటినీ ఒకే ఫైలులో అతికిస్తుంది. ఆ గీత మరిచిపోయి, పెట్టెలోని మెయిల్‌ను మనకు చూపించే సాఫ్ట్‌వేర్ అయిన డవ్‌కాట్‌ను మెయిల్‌డిర్ చదవమన్నారనుకోండి. ఉత్తరం చేరినట్టు లాగ్ చెబుతుంది, ఇన్‌బాక్స్ ఖాళీగా ఉంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

లాగిన్ పోవడంతో పోయినవీ ఉన్నాయి. పాత యునిక్స్ యూజర్ తన హోమ్ ఫోల్డర్‌లో డాట్ ఫార్వర్డ్ ఫైలు పెట్టుకుని మెయిల్‌ను ఎక్కడికైనా పంపుకునేవాడు, ప్రోగ్రాములు కూడా నడిపించేవాడు. పోస్ట్‌ఫిక్స్ వర్చువల్ డెలివరీలో అవేవీ ఉండవు. అవి అక్కడ వర్తించవు లేదా సురక్షితం కావు గనుక, ఇది కావాలని చేసిన నిర్ణయమే. సెలవులో ఉన్నానని జవాబు పంపాలంటే ఉత్తరాన్ని స్థానిక డెలివరీ పద్ధతి అయిన ఎల్‌ఎంటీపీ ద్వారా డవ్‌కాట్‌కు అప్పగించి, అక్కడ మెయిల్ నియమాల భాష అయిన సీవ్‌లో నియమాలు రాసుకోవడం ఒక దారి.

మళ్లింపులకూ కాలం మారింది. పచ్చళ్ల దుకాణం మెయిల్‌ను ఏలియాస్‌తో యజమాని జీమెయిల్‌కు పంపడం ఒకప్పుడు ఒక్క వరుస పని. 2006లో ఆర్‌ఎఫ్‌సీగా వెలువడిన ఎస్‌పీఎఫ్ అనే తనిఖీ పద్ధతి, పంపిన యంత్రానికి ఆ డొమైన్ తరఫున పంపే అనుమతి ఉందా అని అడుగుతుంది. మళ్లించిన ఉత్తరం అసలు పంపినవారి పేరుతో, మన యంత్రం ఐపీ చిరునామా నుంచి వెళుతుంది. అక్కడ అనుమానం మన మీద పడుతుంది.

మనకు పనికొచ్చే సంగతి ఈ కథలో ఆలస్యంగా వచ్చింది. తెలుగు లిపిలో .భారత్ డొమైన్ ఉంది. 2015లో వచ్చిన పోస్ట్‌ఫిక్స్ 3.0 నుంచి, ఇతర లిపుల్లో చిరునామా రాయడానికి వీలిచ్చే ఎస్‌ఎంటీపీ యూటీఎఫ్8 మద్దతు కూడా ఉంది. లాగిన్‌ను సృష్టించే మామూలు యూజర్‌ఆడ్ ఆదేశం 'పచ్చళ్లు' అన్న పేరును ఒప్పుకోదు. వర్చువల్ పట్టికకు లాగిన్‌తో పని లేదు కాబట్టి @కు అటూ ఇటూ తెలుగే రాసి పెట్టెను తయారు చేయవచ్చు. అయితే అక్కడి నుంచి పంపిన ఉత్తరాన్ని తీసుకోవలసిన అవతలి సర్వర్‌కు ఈ పద్ధతి తెలియకపోతే, పోస్ట్‌ఫిక్స్ దాన్ని పంపకుండా తిప్పి మనకే ఇచ్చేస్తుంది.