యూనివర్సిటీ ప్లేయర్ అంటే ఎవరు? స్పోర్ట్స్ కోటాపై అపోహలు – వాస్తవాలు

అనంతపురంలో డిగ్రీ కాలేజీ ఫిజికల్ డైరెక్టర్‌గా నాకిది ఇరవై మూడో ఏడు. ఉద్యోగాల నోటిఫికేషన్ పడితే చాలు, నా గది ముందు తల్లిదండ్రులు వచ్చి నిలబడతారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, దాని నిండా సర్టిఫికెట్లు. రాష్ట్రంలో స్పోర్ట్స్ కోటా 2 నుంచి 3 శాతానికి పెరిగి, 2025 మెగా డీఎస్సీలో 421 పోస్టులు ఆ కోటా కింద ఇచ్చాక ఈ రాకపోకలు ఇంకా ఎక్కువయ్యాయి. అందరూ అడిగేది ఒకటే: "మా వాడు యూనివర్సిటీ ప్లేయర్ మేడమ్, కోటా కింద వస్తుంది కదా?" కవరు విప్పి చూస్తే చాలాసార్లు ఆ పిల్లవాడు యూనివర్సిటీకి ఆడి ఉండడు. ఆ మాట వాళ్ల ముఖం మీద చెప్పడమే ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా కష్టమైన పని.

అపోహ: ఇంటర్ కాలేజియేట్‌లో ఫస్టొస్తే యూనివర్సిటీ ప్లేయరే.

వాస్తవం: కాదు. ఎన్నిసార్లు ఫస్టొచ్చినా కాదు. ఇంటర్ కాలేజియేట్ అంటే ఒక యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీలు తమలో తాము ఆడుకునే పోటీ. సర్టిఫికెట్ మీద యూనివర్సిటీ ముద్ర ఉంటుంది, సంతకమూ ఉంటుంది. అందుకే అందరూ పొరబడతారు. కానీ మీరు ఆడింది మీ కాలేజీ తరఫున. ఆ పోటీల్లో బాగా ఆడినవాళ్లను సెలెక్షన్ కమిటీ ప్రాబబుల్స్‌గా, అంటే జట్టులోకి రాగలవాళ్లుగా, తీసుకుంటుంది, క్యాంపు పెడుతుంది, కబడ్డీ అయితే చివరికి పన్నెండు మందిని తేలుస్తుంది. ఆ పన్నెండు మంది సౌత్ జోన్ ఇంటర్ యూనివర్సిటీకి పోయి కర్ణాటక, తమిళనాడు, కేరళ, తెలంగాణ యూనివర్సిటీలతో ఆడినప్పుడే యూనివర్సిటీకి ఆడినట్టు లెక్క. ఈ పోటీలు ఢిల్లీలోని భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం, అంటే ఏఐయూ, ఆధ్వర్యంలో జరుగుతాయి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో ఈ తేడా ఇంకా గట్టిగా చూస్తారు. సర్టిఫికెట్ వాళ్లు చెప్పిన ఫారంలోనే ఉండాలి: దేశానికి ఆడితే ఫారం 1, రాష్ట్రానికి ఆడితే ఫారం 2, యూనివర్సిటీకి ఆడితే ఫారం 3, స్కూల్ గేమ్స్‌లో రాష్ట్ర జట్టుకు ఆడితే ఫారం 4. ఇంటర్ కాలేజియేట్‌కు ఇందులో ఏ ఫారమూ లేదు. ఫారం 3 మీద కాలేజీ ప్రిన్సిపాల్ సంతకం చెల్లదు, నా సంతకమూ చెల్లదు. యూనివర్సిటీ క్రీడా విభాగం డీన్ గానీ డైరెక్టర్ గానీ, ఆ విభాగం బాధ్యత చూసే అధికారి గానీ పెట్టాలి.

కొన్నేళ్ల కింద కళ్యాణదుర్గం వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. కొడుకు నా దగ్గర చదివినవాడే, కబడ్డీలో మంచి రైడర్. సర్టిఫికెట్లన్నీ ల్యామినేషన్ చేయించి, ఏ ఏడాదివి ఆ ఏడాదికి దారం కట్టి తెచ్చాడు. వెరిఫికేషన్‌లో అన్నీ పక్కన పెట్టేశారట. "మూడేండ్లు ఆడినాడు మేడమ్. ఇన్ని కాయితాలుండాయి, ఒకటీ పనికిరాదంటారేం?" అన్నాడు. ఒక్కోటీ తీసి, "ఇంటర్ కాలేజియేట్" అని ఉన్న చోట వేలు పెట్టి చూపించాను. ఆరింటిలోనూ అదే మాట. ఆయనకు ఇంగ్లీషు రాదు, అయినా నా వేలు వెంటే చూస్తూ పోయాడు.

ఆ అబ్బాయి రెండో ఏడు యూనివర్సిటీ పన్నెండు మందిలో ఉన్నాడు. క్యాంపు కూడా పూర్తి చేశాడు. తీరా జట్టు బయల్దేరే వారంలో ఇంట్లో శెనక్కాయ పీకే పని పడింది. కూలీలు దొరక్క నాన్న రమ్మన్నాడు. "పోయొస్తా మేడమ్, వచ్చే ఏడు ఆడతా" అంటే సరేనన్నాను. ఈ ఒక్క టోర్నమెంట్ వదిలితే ఏం పోతుందో నేను ఆ రోజు కూర్చోబెట్టి చెప్పలేదు. మూడో ఏడు మోకాలు దెబ్బతింది. ఆ పెద్దాయన ముందు నాకు మాట పెగల్లేదు. అప్పటినుంచి క్యాంపు మొదలైన రోజే ప్రతి పిల్లవాడి ఇంటికీ ఫోన్ చేసి, సౌత్ జోన్ ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు వదలకూడదు అన్నీ చెబుతున్నాను. వేరుశెనగ కోత, ఇంటర్ యూనివర్సిటీ సీజన్ మన జిల్లాలో దాదాపు ఒకేసారి వస్తాయి. అందుకే ముందే చెప్పాలి.

అపోహ: మెడల్ లేకపోతే ఇంటర్ యూనివర్సిటీ ఆడినా వృథా.

వాస్తవం: మొదటి రౌండులో ఓడి వచ్చినా కేంద్ర నిబంధనల ప్రకారం మీరు అర్హులే. మొదటి మూడు స్థానాల్లో పతకం వస్తే ప్రాధాన్యం పెరుగుతుంది, అంతే. రైల్వే వాళ్ల లెక్క వేరు, రాష్ట్ర ప్రభుత్వానిది వేరు. ఏ నోటిఫికేషన్ అయితే దాన్నే చదవండి, వాట్సాప్‌లో వచ్చింది కాదు.

అపోహ: గోవాలోనో నేపాల్‌లోనో ఆడితే నేషనల్, ఇంటర్నేషనల్ ప్లేయరే.

వాస్తవం: పిల్లల దగ్గర డబ్బు కట్టించుకుని, రైలెక్కించి, ఆడిన ప్రతివాడి మెడలో పతకం వేసి పంపే టోర్నమెంట్లు ఊరికొకటి పుట్టుకొస్తున్నాయి. డబ్బు కట్టే ముందు ఒక్కటే చూడండి: ఆ ఫెడరేషన్‌కు కేంద్ర క్రీడా శాఖ గుర్తింపు ఉందా? లేకపోతే ఆ కాగితం దేనికీ పనికిరాదు. అప్పు చేసి పిల్లల్ని పంపిన తల్లులు నా ముందు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అలాంటి టోర్నమెంట్లు పెట్టేవాళ్ల మీద నాకు జాలి లేదు.

ఇక త్వరగా కొన్ని. దూరవిద్యలో చేరి యూనివర్సిటీకి ఆడలేరు, రెగ్యులర్ విద్యార్థులకే అర్హత. వయసు 17 నిండి ఉండాలి, 25 దాటకూడదు. యూనివర్సిటీ స్థాయిలో డోప్ టెస్టు ఉండదనుకోవద్దు. ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్ 2020లో భువనేశ్వర్‌లో మొదలయ్యాయి, అక్కడ నాడా, అంటే జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ, వాళ్లు శాంపిళ్లు తీసుకుంటారు. జిమ్‌లో ఎవరో ఇచ్చిన పౌడరు తాగి పోవద్దు. ఆడపిల్లల జట్టు వెంట మహిళా మేనేజర్ వెళ్తుంది, నేనే ఎన్నోసార్లు వెళ్లాను. భయపడకుండా పంపండి. బండ్లపల్లి నుంచి వచ్చిన బారెడ్డి అనూష 2023లో భారత జట్టుకు క్రికెట్ ఆడింది. నార్పల మండలం పిల్ల అంత దూరం పోయింది.

అపోహ: ఇప్పుడు మా కాలేజీ ఏ యూనివర్సిటీ కింద ఉంటే సర్టిఫికెట్ అక్కడే ఇస్తారు.

వాస్తవం: మీరు ఆడిన ఏడాది మీ కాలేజీ ఎవరి కింద ఉందో వాళ్లే ఇవ్వాలి. మన సీమలో ఈ చరిత్ర కొంచెం చిక్కుగా ఉంటుంది. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, అంటే ఎస్కేయూ, 1981లో ఏర్పడింది. దాని కిందికి రాకముందు అనంతపురం కాలేజీలు తిరుపతి ఎస్వీయూ కింద ఉండేవి. కర్నూలు కాలేజీలు 2008లో రాయలసీమ యూనివర్సిటీ వచ్చేదాకా ఎస్కేయూ జట్టుకే ఆడాయి. కడపలో యోగి వేమన 2006లో వచ్చింది. ఇంజనీరింగ్ చదివినవాళ్లకు మాత్రం జేఎన్‌టీయూ జట్టు, అనంతపురం జేఎన్‌టీయూ విడిగా ఏర్పడింది 2008లో.

కర్నూలు జిల్లా ఆదోని నుంచి 2012లో ఒక ఖోఖో ప్లేయర్ వచ్చాడు. 2006లో ఆడాడు. ఫారం 3 కోసం రెండు నెలలు కర్నూలు చుట్టూ తిరిగాడు. ఎవరిని అడిగినా "మా రికార్డుల్లో లేదు" అన్నారట, నిజమే, అక్కడ ఎలా ఉంటుంది? అతన్ని వెంటబెట్టుకుని ఎస్కేయూకు పోయాను. ఆ ఏటి జట్టు ఫైలు తీయించి, అట్ట మీద దుమ్ము దులిపి, జాబితా కిందికి చూస్తూ వచ్చాం. ఎనిమిదో పేరు అతనిది, పక్కన ఆదోని కాలేజీ పేరు, నీలి సిరాతో. అతను ఆ గీత మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉండిపోయాడు.