గ్రాంటు వద్దంటే హక్కూ పోతుంది: ఇల్లు లేని పిల్లల చదువు వెనుక కథ

అమెరికాలో నిలువ నీడ లేని పిల్లల చదువు కోసం ఫెడరల్ ప్రభుత్వం ఏటా విడిగా కొంత డబ్బు ఇస్తుంది. ఆ నిధినీ మరో 17 పథకాలనూ కలిపేసి, 200 కోట్ల డాలర్లతో ఒకే గ్రాంటుగా రాష్ట్రాల చేతిలో పెడతామని 2026 బడ్జెట్ ప్రతిపాదనలో ట్రంప్ ప్రభుత్వం అంది. ఈ నిధికీ, ఆ పిల్లల చదువు హక్కులకూ ఆధారమైన మెకిన్నీ-వెంటో చట్టం పేరు మళ్లీ వినపడటం అందుకే. దేనికెంత ఖర్చు పెట్టాలో రాష్ట్రాలకే బాగా తెలుసన్నది ప్రభుత్వ వాదన. చట్టాన్ని రద్దు చేస్తామని ఎవరూ అనలేదు కదా, ఈ టెన్షన్ ఎందుకని అడిగేవాళ్లూ ఉన్నారు. వాళ్లు 1995లో వాషింగ్టన్ డీసీలో జరిగింది ఒకసారి చూడాలి.

1987లో అధ్యక్షుడు రీగన్ సంతకంతో ఈ చట్టం ఎలా వచ్చిందో చాలామంది రాసేశారు, అది వదిలేద్దాం. డీసీ షెల్టర్లలో తలదాచుకుంటున్న కొందరు తల్లులు 1992లో కోర్టుకెక్కారు. పిల్లలు బడికి వెళ్లి రావడానికి సాయం చేయాలని చట్టంలో ఉన్నా నగరం చేయడం లేదన్నది వాళ్ల ఫిర్యాదు. అసలు ఈ చట్టం కింద దావా వేసే హక్కే మీకు లేదని కింది కోర్టు కొట్టేసింది. 1994లో అప్పీల్ కోర్టు దాన్ని తిరగదోడింది. హక్కు ఉంది, కేసు వినాల్సిందేనంది. అలా కిందికి తిరిగొచ్చిన కేసులో 1995లో జడ్జి తల్లుల వైపే తీర్పిచ్చారు. పిల్లలకూ, వాళ్లను దిగబెట్టడానికి వెళ్లే అమ్మానాన్నలకూ బస్సు టోకెన్లు ఇవ్వమని ఆదేశించారు.

నగరం టోకెన్లు ఇవ్వలేదు. పథకం నుంచే తప్పుకుంది!

చట్టంలోని షరతులన్నీ గ్రాంటు తీసుకునేవాళ్లకే వర్తిస్తాయి. గ్రాంటు వద్దంటే షరతులూ ఉండవు. డీసీ ఆ మాట అనగానే, అదే ఏడాది కోర్టు తన ఆదేశాన్ని ఎత్తేసింది. మూడేళ్లు కొట్లాడి గెలిచింది ఒక్క మాటతో పోయినట్టయింది. నగరం వైపు నుంచి చెప్పాలంటే ఖజానా అప్పటికే చితికిపోయి ఉంది. నగర లెక్కల మీద అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) ఒక కంట్రోల్ బోర్డును కూర్చోబెట్టింది కూడా ఆ ఏడాదే.

ఆ తర్వాత చట్టం బలపడిన మాట నిజం. 2001లో కాంగ్రెస్ ఆమోదించి, 2002 జనవరిలో బుష్ సంతకం చేసిన సవరణలతో దాని రూపమే మారింది. టీకా కాగితాలు, పాత బడి రికార్డులు, అడ్రస్ రుజువు లేకపోయినా వెంటనే చేర్చుకోవాలి. షెల్టర్ మారినా వీలైనంత వరకు పాత బడిలోనే కొనసాగనివ్వాలి, అమ్మానాన్నలు అడిగితే రవాణా చూడాలి. ప్రతి స్కూల్ డిస్ట్రిక్టులో, అంటే ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థలో, ఈ పిల్లల బాగోగులు చూసే ఒక లయజాన్ (సమన్వయకర్త) ఉండాలి. అద్దె కట్టలేక బంధువుల ఇంట్లో సర్దుకుంటున్నవాళ్లు, మోటెల్ గదుల్లో, కార్లలో పడుకునేవాళ్లు కూడా ఇల్లు లేనివాళ్ల లెక్కలోకే వస్తారని చట్టమే చెప్పింది. బడులు గుర్తించిన పిల్లల్లో ఎక్కువమంది ఇలా ఇంకొకరి ఇంట్లో ఉంటున్నవాళ్లే, కాబట్టి ఇది చిన్న విషయం కాదు. 2015లో మరికొన్ని సవరణలు వచ్చాయి. సొంత గూడు దొరికాక కూడా ఆ విద్యా సంవత్సరం ముగిసేదాకా పాత బడికి రవాణా ఇవ్వాలన్నది అందులో ఒకటి.

గ్రాంటుకీ హక్కుకీ మధ్య ముడిని మాత్రం ఎవరూ విప్పలేదు.

పోనీ ఆ గ్రాంటు భారీగా ఉంటుందా అంటే అదీ లేదు. ఇటీవలి కొన్నేళ్లుగా దేశం మొత్తానికి 12.9 కోట్ల డాలర్లు. 2022-23లో బడులు గుర్తించిన పిల్లలు దాదాపు 13.7 లక్షల మంది. తలకు సుమారు 94 డాలర్లు. బాధ్యత అన్ని డిస్ట్రిక్టులదీ, ఈ డబ్బు అందేది మాత్రం కొన్నింటికే. బస్సులకయ్యే ఖర్చు మా నెత్తిన పడుతోందని డిస్ట్రిక్టులు గొణుగుతూనే ఉన్నాయి, అందులో అబద్ధం లేదు. కోవిడ్ తర్వాత 2021లో ఒక్కసారిగా 80 కోట్ల డాలర్లు వచ్చాయి కానీ, వాటిని దేనికి వాడాలో తేల్చుకునే గడువు 2024 సెప్టెంబరుతో అయిపోయింది.

ఇంత తక్కువ డబ్బును పెద్ద గ్రాంటులో కలిపితే పోయేదేముంది అనిపించవచ్చు. కానీ పిల్లల హక్కులన్నీ వేలాడుతున్నది ఆ చిన్న కొక్కేనికే. డీసీ తనంతట తాను వద్దంది. ఇప్పుడు విడి నిధే లేకపోతే, తీసుకోని గ్రాంటు షరతులు మాకెందుకని ఏ రాష్ట్రమైనా అడగొచ్చు. సొంత చట్టాలున్న రాష్ట్రాల్లో పిల్లలకు కొంత అండ ఉంటుంది, లేనిచోట అదీ ఉండదు.

కోర్టుకు వెళ్లే దారి కూడా ఇరుకైంది. 2025 జూన్‌లో మెడికెయిడ్‌కు (పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమాకు) సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు, ఫెడరల్ నిధులతో ముడిపడ్డ చట్టాల కింద మామూలు మనుషులు దావా వేయాలంటే ఆ హక్కును చట్టం ఎలాంటి సందేహానికీ తావు లేకుండా ఇచ్చి ఉండాలని 6-3తో తీర్పిచ్చింది. డీసీ తల్లులు 1992లో కోర్టుకు వెళ్లింది సరిగ్గా ఆ దారినే.