మ్యాపులో మునిగిన వాగు

శ్రీశైలం నీటిమట్టం 885 అడుగులకు గాను 870కి చేరిందని వార్తల్లో వింటే, డ్యామ్ వెనక 870 అడుగుల లోతు నీళ్లున్నాయని అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ అంకె లోతు కాదు. సముద్రమట్టం నుంచి నీటి ఉపరితలం ఎంత ఎత్తున ఉందో చెప్పే అంకె అది. అమెరికాలో, టెక్సాస్‌లోని డాలస్‌కి ఉత్తరాన ఉన్న లూయిస్‌విల్ లేక్‌కి కూడా అలాంటి అంకె ఒకటుంది: 522 అడుగులు. అది నిండిన రోజున కూడా ఆ లేక్‌లో అన్నిటికన్నా లోతైన చోట నీళ్లు 70 అడుగులకు లోపే. శని, ఆదివారాల్లో గాలం పట్టుకుని డాలస్ పక్కనున్న ఫ్రిస్కో నుంచో ప్లానో నుంచో బయల్దేరే మన తెలుగువాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఈ తేడానే. ఎందుకంటే ఇంట్లో కంప్యూటర్లో తెరిచే లేక్ మ్యాపులో కనిపించే ప్రతి లోతూ ఏదో ఒక నీటిమట్టానికి లెక్కగట్టినదే.

టెక్సాస్‌లో సహజంగా ఏర్పడిన పెద్ద సరస్సు అంటే కాడో లేక్ ఒక్కటే చెబుతారు. మిగతావన్నీ దాదాపుగా డ్యామ్‌లు కట్టి నిలిపిన నీళ్లే. అంటే అడుగున ఒకప్పటి నేల అలాగే ఉంది: వాగులు, పొలం గట్లు, రోడ్లు, వంతెనలు. శ్రీశైలం వెనక్కి తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడటం చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. లూయిస్‌విల్‌లో అయితే ఏకంగా ఒక డ్యామే మునిగి ఉంది. 1927లో ట్రినిటీ నది ఎల్మ్ ఫోర్క్ పాయ మీద గార్జా డ్యామ్ కట్టారు. 1950ల్లో దానికి దిగువన ఇంకా పెద్ద డ్యామ్ కట్టి, 1957లో పాత కట్టకి గండి కొట్టి రెండు జలాశయాల నీళ్లూ కలిపేశారు. ఆ పాత కట్ట మిగిలిన భాగం నేటికీ లేక్ మధ్యలోనే ఉంది. పడవ నడిపేవాళ్లకి అది ప్రమాదం, చేపలకి ఆసరా.

చేపలు లేక్ అంతటా సమానంగా పరుచుకుని ఉండవు. షాడ్ అనే చిన్న చేపలు గుంపులుగా తిరుగుతుంటాయి. వాటిని తినే వైట్ బాస్, లార్జ్‌మౌత్ బాస్ లాంటివి లోతు, మెరక పక్కపక్కన ఉన్న చోటు వెతుక్కుంటాయి. మెరక మీద తిండి దొరుకుతుంది, నాలుగు బారలు పక్కకి జరిగితే దాక్కోవడానికి లోతు ఉంటుంది. మునిగిన వాగు అంచు సరిగ్గా అలాంటి చోటు. మ్యాపులో కాంటూరు గీతలు, అంటే ఒకే లోతున్న చోట్లని కలిపే గీతలు, దగ్గరదగ్గరగా ఇరుక్కుని ఉంటే అక్కడ నేల నిటారుగా దిగుతోందని, ఎడంగా ఉంటే చదునుగా ఉందని అర్థం. కాబట్టి ముందు ఇరుకు గీతల్ని, అవి మెలిక తిరిగే చోట్లని చూడాలి. అమ్మకానికి వచ్చే కొన్ని మ్యాపుల మీద చేప బొమ్మలు ముద్రించి ఉంటాయి కానీ వాటిని నేను లెక్క చేయను. అదే బొమ్మ మిగతా పడవల వాళ్లందరికీ కనిపిస్తుంది కదా!

ఇంతకీ ఆ గీతలు ఎలా వచ్చాయి? పడవ అడుగున ఉన్న సోనార్ నీళ్లలోకి ధ్వని పంపుతుంది. మంచినీళ్లలో ధ్వని సెకనుకు సుమారు 1,480 మీటర్లు వెళుతుంది, గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగం. 30 అడుగుల లోతుకి వెళ్లి తిరిగి రావడానికి సెకనులో వందో వంతు కంటే కాస్త ఎక్కువ పడుతుంది. ఆ సమయాన్ని బట్టి లోతు, జీపీఎస్‌ని బట్టి చోటు తెలుస్తాయి. లోతు చూపించే సోనార్ పెట్టెలు 1959 నుంచే మామూలు జనానికి అమ్మకంలో ఉన్నాయి. చోటు సరిగ్గా తెలియడమే ఆలస్యమైంది. అమెరికా ప్రభుత్వం పౌరులకిచ్చే జీపీఎస్ సంకేతంలో కావాలని తప్పు కలిపేది. 2000 మే నెలలో అది ఆపేశాక వంద మీటర్ల దాకా ఉండే తేడా పది, ఇరవై మీటర్లకు తగ్గింది. ఆ తర్వాతే నీళ్ల కింది చిన్న దిబ్బని కూడా గుర్తు పెట్టుకుని మళ్లీ అక్కడికే రావడం కుదిరింది.

ఇక్కడే ఒక మెలిక ఉంది. సర్వే పడవ లేక్ అంతా అంగుళం అంగుళం తిరగదు. వందల అడుగుల ఎడంలో వరుసలుగా వెళుతుంది. రెండు వరుసల మధ్య ఏముందో కంప్యూటర్ ఊహించి నింపుతుంది. నునుపుగా వంకర తిరిగిన అందమైన గీత కనిపిస్తే నాకు కొంచెం అనుమానం వస్తుంది, అది కొలిచిందా, ఊహించిందా అని. నావియానిక్స్ లాంటి మ్యాపుల కంపెనీలు చేపల వేటగాళ్లు తమ పడవల సోనార్ నుంచి పంపే కొలతల్ని కూడా కలుపుకుంటాయి. దానివల్ల జనం ఎక్కువ తిరిగే చోట్ల మ్యాపు బాగా తేలుతుంది, ఎవరూ వెళ్లని మూలల్లో పాత ఊహే మిగిలిపోతుంది. పైగా అడుగు ఒకేలా ఉండదు, పూడిక చేరుతూనే ఉంటుంది. శ్రీశైలం సామర్థ్యం 308 టీఎంసీల నుంచి సుమారు 215కి పడిపోయిందని తేలింది ఇలాంటి సర్వేలతోనే. వాగులు లేక్‌లో కలిసే తలల దగ్గర పూడిక ఎక్కువ. అక్కడ పాత మ్యాపు చూపే 10 అడుగులు ఇప్పుడు 6 కావచ్చు.

నీటిమట్టం లెక్క మాత్రం సులువు. టెక్సాస్ వాటర్ డెవలప్‌మెంట్ బోర్డు జలాశయాల మట్టాలు రోజూ ఆన్‌లైన్‌లో పెడుతుంది. మ్యాపు 522కి గీసినదై, ఈ రోజు మట్టం 517 ఉంటే, ప్రతి లోతులోంచీ 5 తీసేయాలి. 12 అడుగుల లోతున్న చోటు 7 అడుగులవుతుంది. 4 అడుగుల లోతున ఉన్న దిబ్బ నీళ్లలోంచి బయటికి వచ్చేసి ఉంటుంది.

డబ్బు పెట్టకుండా దొరికే రెండు వనరుల మీద నాకు ఎక్కువ నమ్మకం. ఒకటి, అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ ఆన్‌లైన్‌లో ఉంచిన పాత భూపటాలు. డ్యామ్ కట్టకముందు గీసినవి తెరిస్తే ఏ వాగు ఎటు తిరిగిందో, రోడ్డు ఎక్కడ దాటిందో నేల మీద కొలిచిన లెక్క దొరుకుతుంది. రెండోది గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు. 2011లో టెక్సాస్‌ని తీవ్రమైన కరువు పట్టుకుంది, చాలా జలాశయాలు తర్వాత కొన్నేళ్ల దాకా కోలుకోలేదు. అప్పటి చిత్రాల్లో ఎండిన ఒడ్డుల మీద చెట్ల మోళ్లు, రాళ్ల కుప్పలు, గుంతలు నేరుగా కనిపిస్తాయి. ఇందులో ఊహ ఏమీ లేదు, ఉన్నది ఉన్నట్టు ఫొటో.

ఏ మ్యాపూ చెప్పలేని విషయం ఆక్సిజన్. వేసవిలో పైనీళ్లు వేడెక్కి తేలికవుతాయి, చల్లని నీళ్లు బరువుగా అడుగున ఉండిపోతాయి. రెండూ కలవవు. అడుగున కుళ్లే ఆకులూ చెత్తా అక్కడున్న ఆక్సిజన్‌ని వాడేస్తాయి, గాలి నుంచి కొత్తది చేరదు. చాలా రకాల చేపలు హాయిగా ఉండాలంటే లీటరు నీటికి 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కావాలి. జులై, ఆగస్టుల్లో మ్యాపులో ముదురు నీలం రంగులో ఊరించే 40 అడుగుల గుంత ఖాళీగా ఉండటానికి ఇదే కారణం. వెడల్పైన, లోతు తక్కువ ఉన్న లేక్‌లలో పెద్ద గాలి వీస్తే ఈ పొరలు చెదిరి కలిసిపోతాయి కూడా. కాబట్టి మంచి ఎండాకాలంలో లోతు గుంతని వదిలేసి, దాని పైఅంచున 12 నుంచి 20 అడుగుల మధ్య వెతకడం మేలు.

పడవ లేనివాళ్లకి, అంటే మనలో ఎక్కువమందికి, మ్యాపు ఇంకా ఎక్కువ పనికొస్తుంది. ఒడ్డు నుంచి గాలం విసిరితే వంద, నూట యాభై అడుగులు వెళుతుంది. అందుకని వాగు పాయ ఒడ్డుకి అంత దగ్గరగా వచ్చే చోట్లు, అదీ పార్కింగ్ ఉన్నవి, వెతికితే చాలు. లూయిస్‌విల్‌కి ఎగువన అదే పాయ మీదున్న రే రాబర్ట్స్ స్టేట్ పార్క్‌లో ఒడ్డు నుంచి వేస్తే లైసెన్స్ కూడా అక్కర్లేదు. అలాంటి చోట్లు ఎదురెదురు ఒడ్డుల్లో ఒక్కొక్కటి గుర్తు పెట్టుకుని, బయల్దేరే ముందు రాత్రి గాలి సూచన చూడాలి. దక్షిణపు గాలి ఒకటి రెండు రోజులు వీస్తే నీటిపై తేలే సూక్ష్మజీవులు ఉత్తరపు ఒడ్డుకి చేరతాయి, వాటి వెనక షాడ్, షాడ్ వెనక బాస్. గాలి తిరిగితే రెండో ఒడ్డుకి వెళ్లాలి.